డిగ్రీ నాలుగో ఏడు: జవాబు తెలియని ప్రశ్న
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "విద్య". అది సముద్రం. సెక్రటరీ సాబ్ నాకిచ్చినవి ఇరవై నిమిషాలు. చెంబుతో సముద్రాన్ని తోడలేను కాబట్టి అందులోంచి ఒక్క చెంబెడు నీళ్లు మాత్రం తెచ్చాను. డిగ్రీ ఆఖరు సంవత్సరంలో విద్యార్థి సొంతంగా ఒక ప్రశ్న తీసుకుని, దాని వెంట పడి, తాను కనుగొన్నదాన్ని రాసి ఇచ్చే వ్యాసం ఒకటి ఉంటుంది. ఆనర్స్ థీసిస్ అంటారు. ఇంతకాలం ఆ మాట మన ఇళ్లలో వినబడలేదు. ఇకమీదట వినబడుతుంది, ఎందుకో తరువాత చెబుతాను.

ముందు అది ఏది కాదో చెప్పాలి. మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో రాసే రికార్డు పుస్తకం థీసిస్ కాదు. రికార్డులో ప్రయోగం ముందే తెలుసు, ఫలితం ముందే తెలుసు. ఫలితం తేడా వస్తే పక్కవాడి పుస్తకం చూసి దిద్దుకుంటాము. పదో తరగతి దాకా, ఆ మాటకొస్తే డిగ్రీ మూడో ఏడు దాకా, మనం పిల్లలను అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు మాస్టరు దగ్గర ఉంటుంది. పిల్లవాడి పని ఆ జవాబును పట్టుకోవడమే. థీసిస్‌లో మాత్రం జవాబు మాస్టరుకు కూడా తెలియదు. ఇరవై ఏళ్లుగా బడిలో నిలబడి పాఠం చెబుతున్నవాణ్ణి, ఈ మాట ఎంత పెద్దదో నాకు తెలుసు. "నాకూ తెలియదు, పద చూద్దాం" అని గురువు శిష్యుడితో అనడం మన పద్ధతిలో అరుదు.

జవాబు తెలియని ప్రశ్నను డిగ్రీ పిల్లవాడికి ఇస్తే ఏమవుతుంది? ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. కొంచెం లెక్కలు వస్తాయి, భయపడకండి. ఆరో తరగతి లెక్కలే.

మా ఉర్దూ బడిలో "ముఫ్రద్ అదద్" అంటాము, తెలుగు బడిలో ప్రధాన సంఖ్య అంటారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా పోని సంఖ్య. 7 ప్రధాన సంఖ్య, 13 ప్రధాన సంఖ్య. 91 చూడడానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది, కానీ 7 పదమూళ్లు 91. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తెలుసుకోవడానికి మేము పిల్లలకు నేర్పే పద్ధతి, 2తో భాగించు, 3తో భాగించు, 5తో భాగించు, అలా పోతూ ఉండు అని. చిన్న సంఖ్యకు ఇది చాలు. వంద అంకెల సంఖ్యనిస్తే? ఈ పద్ధతిలో సుమారు ఒకటి పక్కన యాభై సున్నాలు పెట్టినన్ని భాగహారాలు చేయవలసి రావచ్చు. సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే యంత్రాన్ని పెట్టినా, ఈ విశ్వం పుట్టిన 1380 కోట్ల సంవత్సరాల నుండి అది తిరుగుతూ ఉన్నా, ఆ లెక్క తెమలదు.

పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక అడ్డదారి చూపాడు. 2ను ఏడుసార్లు వేసి గుణించండి, 128 వస్తుంది. అందులోంచి 2 తీసివేయండి, 126. అది 7తో నిశ్శేషంగా పోతుంది. తొమ్మిదికి ఇలాగే చేయండి: 512 లోంచి 2 తీస్తే 510, అది 9తో పోదు. అంటే 9 దొరికిపోయింది, అది ప్రధానం కాదు. పరీక్ష బాగుంది కదా! కానీ 341 అనే దొంగ ఒకడున్నాడు. వాడు 11 ముప్పైఒకట్లు, ప్రధానం కాదు, అయినా ఈ పరీక్షలో పాసవుతాడు. ఇలాంటి దొంగలు ఇంకా ఉన్నారు. శతాబ్దాల తరబడి గణితజ్ఞులు రకరకాల పరీక్షలు కట్టారు. కొన్ని త్వరగా తేలుతాయి, కానీ ఎక్కడో రవ్వంత సందేహం మిగులుతుంది. కొన్ని నిశ్చయంగా చెబుతాయి, కానీ పెద్ద సంఖ్యల దగ్గర నడక మందగిస్తుంది. మరికొన్ని ఎవరూ రుజువు చేయని ఊహ మీద ఆధారపడతాయి. నిశ్చయంగానూ ఉండి, అంకెలు పెరిగినా పని అదుపు తప్పకుండా, రుజువు కాని ఊహ ఏదీ అవసరం లేకుండా చెప్పే పద్ధతి ఉన్నదా? ప్రపంచంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల వారికి ఇది తెలియలేదు.

కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్ అనే ఆచార్యులు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. 1999లో సోమనాథ్ బిశ్వాస్ అనే మరో ఆచార్యునితో కలిసి ఒక దారి చూశారు. ఫెర్మా పరీక్షలో 2 అనే అంకె పెట్టాము కదా, దాని బదులు అక్షరంతో కూడిన బీజగణిత సమాసాన్ని పెట్టాలి. అలా పెడితే 341 వంటి దొంగలెవరూ తప్పించుకోలేరు. అయితే ఆ సమాసం కొండవీటి చాంతాడంత పొడుగవుతుంది, దాన్ని కత్తిరించి చిన్నది చేయాలి. ఎంత చిన్నది చేసినా దొంగ దొరుకుతాడు? అదే చిక్కుముడి. దాన్ని ఆయన బీటెక్ ఆఖరు సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చారు. 2001లో రజత్ భట్టాచార్జీ, ప్రశాంత్ పాండే అనే ఇద్దరు దాని మీద పనిచేసి ఒక ఊహ దాకా తెచ్చారు, రుజువు మాత్రం దొరకలేదు. వ్యాసం రాసి, డిగ్రీ తీసుకుని వెళ్లిపోయారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మన ఇళ్లలో అయితే ఏమంటాము? "ఏడాదంతా చేసి ఏం సాధించినావురా, జవాబే రాలేదు గదా" అంటాము. కాన్పూరులో అలా అనలేదు. వాళ్ల వ్యాసం గ్రంథాలయంలో ఉంది. మరుసటి సంవత్సరం నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అనే మరో ఇద్దరు బీటెక్ పిల్లలు ఆ వ్యాసం ఎక్కడ ఆగిందో అక్కడి నుండి మొదలుపెట్టారు. ఆ ఊహను వెయ్యి కోట్ల దాకా సంఖ్యల మీద యంత్రంతో పరీక్షించి చూశారు. చదువు పూర్తి అయినా పని వదల్లేదు. 2002 ఆగస్టులో గురువూ ఇద్దరు శిష్యులూ కలిసి తొమ్మిది పేజీల పత్రం బయటపెట్టారు. చిక్కుముడి విడిపోయింది. అంకెలు రెట్టింపైతే పని ఒక నిర్ణీతమైన రెట్లే పెరుగుతుందని, వాళ్ల మొదటి లెక్క ప్రకారం సుమారు నాలుగు వేల రెట్లు, నిశ్చయంగా రుజువు చేశారు. నాలుగు వేల రెట్లు తక్కువా అని మీరు అడగవచ్చు. మా ఆరో తరగతి పద్ధతిలో రెండంటే రెండు అంకెలు పెరిగితేనే పని పది రెట్లు అవుతుందని, వంద అంకెలు పెరిగితే ఒకటి పక్కన యాభై సున్నాల రెట్లు అవుతుందని గుర్తు పెట్టుకోండి. ఆ పత్రం 2004లో 'అనల్స్ ఆఫ్ మేథమెటిక్స్' అనే పత్రికలో అచ్చయింది. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది.

దీనికి రెండు తోకలున్నాయి, అవి కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. ఒకటి, రోజువారీ అవసరానికి యంత్రాలు ఈనాటికీ పాత పద్ధతులనే వాడుతున్నాయి, అవే వేగం కాబట్టి. కాన్పూరు వారిది సిద్ధాంతంలో గెలుపు. రెండోది నాకు మరీ ఇష్టమైనది. 2001 నాటి పిల్లలు చేసిన ఊహ బహుశా తప్పేనని తరువాత గణితజ్ఞులు గట్టి కారణాలతో వాదించారు. అసలు రుజువు ఆ ఊహ మీద కాక వేరే దారిలో వచ్చింది. కానీ ఆ ఊహ వెంట పడకపోతే ఆ దారి దగ్గరికి ఎవరూ చేరేవారు కారు. ఈ పని మొత్తానికి ప్రయోగశాల లేదు, కోట్ల రూపాయల యంత్రం లేదు. కాగితం, కలం, ఒక కంప్యూటరు, ఓపిక గల ఒక గురువు ఉన్నారు.

ఐఐటీ పిల్లల సంగతి మనకెందుకు, వాళ్లు ఏరికోరి తెచ్చినవాళ్లు అంటారా? సరే, మరోచోటికి పోదాం.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1920ల నుండి దాదాపు ప్రతి విద్యార్థీ ఆఖరు సంవత్సరంలో థీసిస్ రాయవలసిందే. సోనియా సొటొమాయోర్ అనే అమ్మాయి 1972లో అక్కడ చేరింది. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేట. తల్లిదండ్రులు ప్యూర్టోరికో దీవి నుండి వచ్చినవారు. తండ్రికి ఇంగ్లీషు రాదు, కార్ఖానాలో పని. ఆ పిల్లకు తొమ్మిదేళ్లప్పుడే పోయాడు. తల్లి నర్సుగా పనిచేసి పిల్లలను చదివించింది. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. ప్రిన్స్‌టన్‌కు వచ్చాక తాను రాసే ఇంగ్లీషు వాక్యాలు స్పానిష్ అచ్చులో పోసినట్టు ఉంటున్నాయని ఆచార్యుల ద్వారా తెలిసి, సెలవుల్లో వ్యాకరణం పుస్తకాలు ముందేసుకుని మొదటి నుండి నేర్చుకున్నానని ఆమె తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మధ్య నలిగే మన పిల్లలకు ఈ బాధ ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

ఆ అమ్మాయి 1976లో రాసిన థీసిస్ దేని మీద? తన తల్లిదండ్రుల దీవి మీదనే. ప్యూర్టోరికో ప్రజలు ఎన్నుకున్న మొదటి గవర్నరు లూయిస్ మునోజ్ మారిన్ జీవితం ఆ దీవి రాజకీయాల మీద, ఆర్థిక స్థితి మీద ఎలాంటి ప్రభావం చూపిందన్నది ప్రశ్న. కాలేజీలో ఏ భాష వల్ల తాను వెనకబడిందో ఆ భాషే ఇక్కడ ఆమెకు పనిముట్టయింది. అత్యున్నత శ్రేణిలో డిగ్రీ తీసుకున్నది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది. థీసిస్ రాసినందుకే న్యాయమూర్తి అయిందని నేను అనడం లేదు, అంత అమాయకుణ్ణి కాను. తన ఇంటి సరుకు కూడా చదువే అవుతుందని ఆమె అక్కడ రుజువు చేసుకున్నది, అంతే నేను అనేది.

దీనికి పక్కన మరొకరిని పెట్టి చూడండి. హార్వర్డులో జాన్ కెనెడీ అనే విద్యార్థి 1940లో మ్యూనిక్ ఒప్పందం మీద థీసిస్ రాశాడు. అదే ఏడు అది పుస్తకంగా అచ్చయింది. తరువాత ఆయన అమెరికా అధ్యక్షుడయిన సంగతి మీకు తెలుసు. ఆయన తండ్రి ఆ రోజుల్లో లండనులో అమెరికా రాయబారి, కావలసిన కాగితాలు తండ్రి ద్వారా అందాయి. రాయబారి కొడుక్కు ఉన్న వసతి ఆటో డ్రైవరు కొడుక్కు ఉండదు. అందుకే నేను మన పిల్లలకు చెప్పేది, మీ చేతికి అందే కాగితం ఏదో ముందు చూసుకుని ప్రశ్న వేసుకోండి అని.

ఇంకా ఉదాహరణలున్నాయి కానీ గబగబా చెప్పేస్తాను. 1989లో వెండీ కాప్ అనే అమ్మాయి ప్రిన్స్‌టన్‌లో తన థీసిస్‌గా ఒక పథకం రాసింది: మంచి డిగ్రీ చదివినవారు రెండేళ్లు పేద పిల్లల బడుల్లో పాఠాలు చెప్పాలి అని. మరుసటి సంవత్సరమే అది టీచ్ ఫర్ అమెరికా అనే సంస్థ అయింది. దాని బాటలో 2009లో మొదలైన టీచ్ ఫర్ ఇండియా హైదరాబాదు బడుల్లోనూ పనిచేస్తున్నది. మన దేశంలో ఆనర్స్ చదువు పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ చదువుతున్న చంద్రశేఖర్ అనే పిల్లవాడు 1928లో జర్మనీ నుండి వచ్చిన సోమర్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్తను కలుసుకున్నాడు. ఇన్నాళ్లూ నువ్వు చదివిన భౌతికశాస్త్రం పాతబడిపోయిందని ఆయన చెప్పారట. పిల్లవాడు ఏడుస్తూ కూర్చోలేదు. ఆయనిచ్చిన ప్రూఫు కాగితాలు చదివి, తానే ఒక పత్రం రాసి ఇంగ్లండుకు పంపితే 1929లో రాయల్ సొసైటీ వారు అచ్చువేశారు. 1983లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే.

ఇక అన్ని శాస్త్రాల్లోనూ థీసిస్ ఒకే రకంగా ఉంటుందా అంటే, ఉండదు. దీనికి దూరదేశం పోనవసరం లేదు. మన జిల్లాలోంచి పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీనే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వరద గురించి మన తాతలు చెప్పుకునేవారు. వేలమంది పోయారు. ఈ ఒక్క వరద మీద ఎన్ని శాస్త్రాల పిల్లలు పనిచేయవచ్చో చూడండి.

చరిత్ర విద్యార్థి ముందు కాగితాల దగ్గరికి పోతాడు. నిజాం సర్కారు దఫ్తర్లలో 1880లలో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది కాబట్టి వరద నాటి ఫర్మానాలు, ఉత్తరప్రత్యుత్తరాలు చాలా వరకు ఉర్దూలో ఉంటాయి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కను కాగితాల నుండి నిజాం కాలం కాగితాల దాకా అక్కడ ఉన్నాయి. అవి చదవగలిగేవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఎంత చరిత్ర చదివినా లిపి రానివాడు ఆ కట్ట విప్పలేడు. మన ఉర్దూ మీడియం పిల్లవాడు విప్పగలడు. వాడికి కావలసింది కాస్త అభ్యాసం, వెంట ఒక పెద్దమనిషి.

ఒక కాగితం దొరికింది కదా అని చరిత్ర విద్యార్థి నమ్మకూడదు. రాసినది ఎవరు, వరదను కళ్లారా చూశాడా, నౌకరీ కాపాడుకోవడానికి రాశాడా అని అడగాలి. మరో కాగితంతో పోల్చాలి. గణితంలో ఒక్క రుజువు చాలు, చరిత్రలో ఒక్క సాక్షి చాలడు.

భూగోళశాస్త్రం పిల్ల వేరే దారిన పోతుంది. ఎగువన ఉన్న చెరువులు వరుసగా తెగడం వల్ల వరద అంత ఉధృతమైంది. ఆ చెరువులు ఎక్కడెక్కడ ఉండేవి, ఇప్పుడు ఏమైనవి అని పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెడుతుంది. వరద తరువాత 1909లో విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. 2020 అక్టోబరులో హైదరాబాదు మళ్లీ మునిగింది కాబట్టి ఈ ప్రశ్న పాతబడలేదు. సంఖ్యాశాస్త్రం చదివేవాడు వర్షపాతం లెక్కలు తీసుకుంటాడు. అర్థశాస్త్రం వాడు 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పేటలు కూల్చి కొత్తవి కట్టినప్పుడు ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూస్తాడు. సమాజశాస్త్రం పిల్ల ఈనాడు మూసీ ఒడ్డున గుడిసెల్లో ఉన్నవారితో మాట్లాడుతుంది. ఆ పిల్లకు ఒక నియమం ఉంది: ఎందుకు అడుగుతున్నదో ముందు చెప్పాలి, వాళ్ల అనుమతి తీసుకోవాలి, పేర్లు బయటపెట్టకూడదు. గరీబువాడి దుఃఖం మన మార్కులకు ముడిసరుకు కాదు.

సాహిత్యం పిల్లవాడికి అమ్జద్ హైదరాబాదీ ఉన్నారు. ఆ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకుని తాను ఒక్కడే మిగిలిన కవి. దాని మీద 'ఖయామతె సుగ్రా' అనే నజ్మ్ రాశారు. కళ్ల ముందు జరిగిన దాన్ని ఒక కవి దఫ్తరు కాగితం కంటే ఎలా వేరుగా చెబుతాడన్నది మంచి ప్రశ్న. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆనాడు దాన్ని పట్టుకుని సుమారు నూట యాభై మంది బతికారని చెబుతారు. వృక్షశాస్త్రం పిల్ల ఎవరైనా ఉంటే ఆ చెట్టు దగ్గరికి పంపుదాం, ఆమె మాత్రం ఎందుకు ఊరుకోవాలి!

ఇప్పుడు ఈ మాట మన ఇళ్లకు ఎలా వచ్చిందో చెబుతాను. 2022 డిసెంబరులో యూజీసీ వారు డిగ్రీకి కొత్త చట్రం ప్రకటించారు. మూడేళ్లు చదివి 120 క్రెడిట్లతో డిగ్రీ తీసుకుని వెళ్లిపోవచ్చు. నాలుగో ఏడు కూడా చదివితే 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన మార్కులు వచ్చినవారు నాలుగో ఏట పరిశోధన ఎంచుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు సొంత వ్యాసానికి. దానికి "ఆనర్స్ విత్ రీసెర్చ్" అని పట్టా. 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేరిన పిల్లలు 2025లో నాలుగో ఏడు మొదలుపెట్టారు. మన వైపు అన్ని కాలేజీల్లో ఇది లేదు, కొన్నింటిలోనే ఉంది. చేరేముందు కాలేజీలో అడిగి, కాగితం మీద చూసుకోండి.

తండ్రులు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు: "మాస్టర్ సాబ్, మళ్లీ ఒక ఏడాదా?" లెక్క వేసి చూడండి. మూడేళ్ల డిగ్రీ తరువాత ఎంఏ, ఎమ్మెస్సీ రెండేళ్లు, మొత్తం అయిదు. నాలుగేళ్ల డిగ్రీ తరువాత పీజీ ఒక్క ఏడాదితో ముగించే వీలు పెట్టారు, అదీ అయిదే. నాలుగేళ్లలో 75 శాతం వస్తే పీజీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉందని 2022 నవంబరు నిబంధనలు చెబుతున్నాయి. పై చదువుకు పోయేవాడికి ఏడాది పోదు. పోనివాడికి పోతుంది, నిజమే. అందుకే అందరూ నాలుగో ఏడు చదవాలని నేను అనను. ఇంట్లో పొయ్యి వెలగడానికి వాడి సంపాదనే దిక్కయితే మూడేళ్లకే ఉద్యోగానికి పోనివ్వండి, అందులో తప్పేమీ లేదు. చదువు మీద ప్రీతి ఉండి, మార్కులు ఉండి, "పక్కింటి వాళ్లు ఏమనుకుంటారు" అన్న ఒక్క కారణంతో ఆపేస్తారే, దానితోనే నా పేచీ. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. మూడో ఏడు పరీక్ష రాయకముందే సంబంధాలు చూడడం మొదలవుతుంది. ఆ పిల్లకు 75 శాతం ఉన్న సంగతి ఆ ఇంట్లో ఎందరికి తెలుసో!

పిల్లలకు ఒక్క మాట. పట్నంలో ఒక జిరాక్స్ షాపులో "ప్రాజెక్టులు తయారుగా ఉన్నవి" అని బోర్డు చూశాను. సబ్జెక్టు చెబితే చాలు, పేరు మార్చి, బైండు చేసి, అట్ట మీద బంగారు అక్షరాలు వేసి ఇస్తాడు. ఈమధ్య షాపుకు పోయే శ్రమ కూడా లేదు, కంప్యూటరే నిమిషంలో వ్యాసం రాసి ఇస్తున్నది. అది చదవడానికి నున్నగా ఉంటుంది. లేని పుస్తకాన్ని ఉన్నట్టుగా పేరుతో సహా చెప్పడం కూడా దానికి వచ్చు. కాగితాలు వెతకడానికో, లెక్క సరిచూడడానికో ఏ సాధనం వాడినా వాడామని రాయండి. ఆ వ్యాసం మీద కూర్చోబెట్టి నలుగురు ఆచార్యులు ప్రశ్నలు అడుగుతారు. కొన్న వ్యాసం ఆ గదిలో నోరు తెరవదు.

ఇక సంఘానికి నా మనవి. మన సంఘం ఉపకారవేతనం డిగ్రీకి మూడేళ్లే ఇస్తున్నది. నియమావళి రాసిన రోజుల్లో డిగ్రీ మూడేళ్లే కాబట్టి అందులో ఎవరి తప్పూ లేదు. "మూడేళ్లు" అన్నచోట "పరిశోధన తీసుకున్నవారికి నాలుగేళ్లు" అని చేర్చవలసిందిగా ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. ఏటా ఒకరిద్దరికి మించి ఉండరు. ఖజానా మీద ఎంత భారం పడుతుందో కోశాధికారిగారు లెక్క చెబితే ఈ రోజే చర్చించుకోవచ్చు.

రెండో మనవికి డబ్బు అక్కరలేదు. మీ ఇళ్లలో అటక మీద పాత ఇనుప పెట్టెలున్నాయి. వాటిలో సనదులు, కౌల్‌నామాలు, నికానామాలు, తాతల ఉత్తరాలు, పాత ఉర్దూ పత్రికలు ఉంటాయి. ఇల్లు సున్నం వేయించినప్పుడల్లా వాటిని కిలోల లెక్కన తూకానికి వేస్తున్నాము. ఇకమీదట వేసేముందు ఒక్కసారి నాకు చూపించండి. అసలు కాగితం మీ దగ్గరే ఉంటుంది, పిల్లలు ఫోనుతో ఫోటో తీసుకుంటారు. పాత దఫ్తరు రాత, షికస్తా, గొలుసుకట్టుగా ఉంటుంది. మా బడి పిల్లలకు అచ్చు ఉర్దూ వస్తుంది కానీ ఆ రాత కళ్లకు ఆనదు. ఆ రాత చదవగల బుజుర్గులు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారని నాకు తెలుసు, కొందరు కచేరీల్లో పనిచేసి రిటైరైనవారు. వారానికి ఒక్క గంట, జుమా తరువాత అయినా సరే, పిల్లలతో కూర్చోగలిగితే చాలు. భోజనాల పందిరి దగ్గర నోటు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాను. చదవగల పెద్దలు ఒక పేజీలో, డిగ్రీ మూడో ఏడు చదువుతున్న పిల్లలు తమ పేరు, తమ ప్రశ్న మరో పేజీలో రాయించండి.